ఎడమ పక్క సీటు

మా వరండా, విప్పేసిన కుట్టుమిషన్ల మధ్య
ఆదివారం

మావయ్యకి,

మొదటి వాక్యంలో క్షేమ సమాచారం రాయాలని చిన్నప్పుడు నువ్వే నేర్పావు కాబట్టి రాస్తున్నాను. మేమంతా క్షేమం. బండే క్షేమంగా లేదు.

ఫోన్ చేస్తే నేను గొంతు చించుకోవడం, నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, మధ్యలో వీధి వీధంతా మన ఇంటి సంగతులు తెలుసుకోవడం. మెసేజీలు పెడదామంటే ఆ బుల్లి గాజు మీద నీ వేలు ఒకటి నొక్కితే మూడు పడతాయని బావ చెప్పాడు. అందుకే కాగితం పట్టుకున్నాను.

అరవై దాటగానే స్టీరింగ్ చేతుల్లో వణుకుతోంది. ఎనభై దగ్గర కాస్త తగ్గుతుంది, కానీ ఒకసారి పోయి చూశాక మళ్ళీ అంతదాకా పోవడానికి ధైర్యం చాలడం లేదు. ముందు ఎడమ టైరు లోపలి అంచు పలకలా నున్నగా అరిగిపోయింది. బయటి అంచు మాత్రం కొత్తగా ఉంది. ఇక్కడి మెకానిక్కు ఓసారి టైరు వైపు, ఓసారి నా వైపు చూసి "రోడ్లు అలా ఉన్నాయమ్మా" అన్నాడు. అదే రోడ్డు మీద తిరిగే కుడి టైరు మరి ఎందుకు బాగుంది?

నాకు భయంగా ఉంది మావయ్యా. బైపాసు అవతలి బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు తమ మిషన్ల రిపేర్లన్నీ నాకే అప్పగిస్తామంటున్నారు. పిలిచిన గంటలో వచ్చి వాలాలి, అదొక్కటే షరతు. ఇన్నాళ్ళూ ఒక్కో టైలరు దగ్గరికీ తిరిగి చేసిన పని ఇప్పటికి ఒక దారిన పడుతోంది. బండి లేకపోతే అది లేదు. ఆయన సంగతి నీకు తెలుసుగా, లెక్కల మాస్టారు. స్టీరింగ్ పట్టుకోవడం రాదు గానీ "అమ్మేసి పీడ వదిలించుకో" అని సలహా మాత్రం ఇస్తారు.

ఇది చాలదన్నట్టు మా అత్తగారు ఈ మధ్య నాతో బయల్దేరుతున్నారు. ఇంట్లో తోచడం లేదట. సంచి ఒళ్ళో పెట్టుకుని నా ఎడమ పక్క సీట్లో కూర్చుంటారు. కూర్చుంటే కూర్చున్నారు, నోరు మూతపడదు. "ఎడమ పక్క ఆటో. ఎడమ పక్క స్తంభం. ఎడమ పక్క కుక్క, పడుకుంది, ఆఁ, లేచింది." రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం నయం, మధ్యలో ప్రకటనలైనా వస్తాయి.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. మొన్న మిషన్ సూది ఎడమ బొటనవేల్లో దిగింది, కాగితం సరిగా పట్టుకోలేకపోతున్నాను. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. మోచెయ్యి కూడా కమిలింది. మా ఇంట్లో తలుపులన్నీ ఈ మధ్య ఒళ్ళు చేసినట్టున్నాయి.

ఏం చెయ్యాలో రాయి. త్వరగా రాయి.

నీ మేనకోడలు


మీ బావ ఇంటి మేడగది
గురువారం

చిరంజీవి సూదమ్మకి,

రోడ్లు అలా ఉన్నాయన్న మెకానిక్కు దగ్గరికి మళ్ళీ వెళ్ళకు. నా షెడ్డులో పనిచేసి ఉంటే వాడికి ఆ పూట టీ కూడా ఇచ్చేవాణ్ణి కాదు.

ఒక సంగతి బుర్రలో పెట్టుకో. అరిగేది టైరే గానీ తప్పు టైరుది కాదు. టైరు పాపం ఎవరో చేసిన దానికి ఒళ్ళు అరగదీసుకుంటుంది. రెండంచులూ అరిగితే గాలి తక్కువ. నడుమ అరిగితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగిందంటే చక్రం నిటారుగా గానీ, నేరుగా గానీ నిలబడడం లేదు. ఎందుకు నిలబడడం లేదన్నదే మనం తేల్చుకోవాల్సింది.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. బండి నీడలో పెట్టు. కళ్ళు మూసుకుని టైరు మీద అరచెయ్యి బయటి నుంచి లోపలికి రాయి. తర్వాత లోపలి నుంచి బయటికి రాయి. ఒక దిక్కు నున్నగా, ఒక దిక్కు రంపంలా తగిలితే చక్రం మూతి పక్కకి తిరిగిందన్నమాట. ఆ తర్వాత జాకీ వేసి చక్రం పైకి లేపి తిప్పు. సుద్దముక్కని రిమ్ము అంచుకి దగ్గరగా, తగిలీ తగలకుండా పట్టుకో. చుట్టూ గీత పడితే రిమ్ము గుండ్రంగా ఉంది. ఒక్కచోటే పడితే సొట్ట ఉంది.

వణుకు చేతుల్లోనా, కూర్చున్న సీటులోనా? చేతుల్లో అయితే ముందు చక్రాలు, సీటులో అయితే వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే వస్తే అది వేరే కథ.

దేనికైనా గుద్దావా? నిజం చెప్పు. నేనేం మీ ఆయన్ని కాదు.

మీ అత్తగారి వ్యాఖ్యానం చదివి ఇక్కడ నేనొక్కణ్ణే పగలబడి నవ్వాను. మీ బావ కిందినుంచి వచ్చి ఏమైందని సైగ చేశాడు. ఆవిణ్ణి చూసి చాలాకాలమైంది, నా నమస్కారం చెప్పు.

మావయ్య


మా వంటింటి బల్ల
బుధవారం

మావయ్యకి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. వణుకు చేతుల్లోనే. అరచేతికి ఒక దిక్కు రంపం తగిలింది. సుద్దగీత ఒక్కచోటే పడింది, అదీ ఎడమ చక్రానికే. కొత్త మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. మాటలు తక్కువ, చెయ్యి మంచిది. రిమ్ము మార్చాడు, కొత్త టైరు వేశాడు, బ్యాలెన్సింగ్, ఎలైన్‌మెంట్ అన్నీ చేశాడు. చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ ఒకటి వంగిందని చూపించి అదీ మార్చాడు.

బండి వెన్నలా నడిచింది. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ముందు దర్జాగా దిగాను. ఇంటికొచ్చి, ఈ ఉత్తరం ఒక్క శుభవార్తతో ముగిద్దామనుకుని, రాయడం వాయిదా వేశాను.

ఆ వాయిదాయే కొంప ముంచింది. నిన్న బైపాసు ఎక్కానో లేదో మళ్ళీ వణుకు. అదే చెయ్యి, అదే పక్క. దిగి చూస్తే కొత్త టైరు పక్కగోడ మీద గీతలు, పిల్లి రక్కినట్టు. మెకానిక్కు చూసి, "ఎక్కడో గట్టిగా తగిలించారు మేడమ్" అన్నాడు. నేను తగిలించలేదు మావయ్యా! ఏ గుంటలోనూ పడలేదు, ఏ గట్టూ ఎక్కలేదు. అతను నమ్మలేదని మొహంలోనే తెలిసిపోయింది.

ఆయనైతే, "నీ చెయ్యి దురుసు, మిషన్ చక్రం తిప్పినట్టు తిప్పుతావు" అన్నారు. అప్పుడు మా అత్తగారు చేస్తున్న పని ఆపి, "దాని చేతికేం, బంగారంలా నడుపుతుంది" అని కొడుకు మీద గయ్యిమన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. బండిలో నా చెవులు కొరుక్కుతినే మనిషి ఇంట్లో నా పక్షం!

ఒకటి దాచాను, చెప్పేస్తాను. నీకు మొదటి ఉత్తరం రాయకముందు మా గేటు స్తంభానికి ఎడమ అద్దం తగిలి విరిగింది. ఆయనకి చెప్పలేదు, కొత్తది పెట్టించేశాను. అత్తగారు చూశారు గానీ బయటపెట్టలేదు. మర్నాటి నుంచే ఆవిడకి ఇంట్లో తోచడం మానేసింది.

నాకు నిద్ర పట్టడం లేదు. బండిలో కూర్చున్న ప్రతిసారీ చేతులు ముందే బిగుసుకుపోతున్నాయి.

నీ మేనకోడలు


మేడగది
శనివారం

సూదమ్మకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి షర్టు జేబులో పెట్టుకున్నాను. భోజనం దగ్గర మళ్ళీ తీశాను. మీ బావ లాక్కుని, ముందు తినమని కంచం చూపించాడు.

ఎలైన్‌మెంట్ దానంతట అది చెడిపోదు. ఏదో తగలాలి, లేదా ఏదో వదులై ఉండాలి. నీ కొత్త మెకానిక్కు వదులైనవన్నీ చూశాడంటున్నావు. మిగిలింది తగలడమే. నువ్వు తగిలించలేదంటున్నావు. నువ్వు నాతో అబద్ధం ఆడవు. ఈ రెండింటికీ పొత్తు కుదరడం లేదు. నువ్వు ఇంట్లో లేనప్పుడు బండి ఇంకెవరైనా తీస్తున్నారా? మీ ఆయన చాటుగా నేర్చుకుంటున్నాడేమో కనుక్కో.

నా షెడ్డులో ఇలాంటి తిక్క కేసు వస్తే సున్నం పరీక్ష చేసేవాణ్ణి. నాలుగు టైర్ల పక్కగోడలకీ సున్నం పలచగా పూసి ఆరనివ్వు. వాన పడని రోజులు చూసుకో. ఎప్పటిలాగే పనికి తిరుగు. ఏ పూటకాపూట చూస్తూ, ఎక్కడ చెరిగిందో, ఎక్కడ నిలిచిందో రాయి. సున్నానికి మొహమాటం ఉండదు.

ఇంకోటి. నా షెడ్డు గోడ మీద రాసి ఉండేది గుర్తుందా? బండి మాట్లాడేటప్పుడు మనిషి మాట్లాడకూడదు. పరీక్ష అయ్యేదాకా మీ అత్తగారిని ఇంట్లో ఉంచు. ఆవిడ వ్యాఖ్యానంలో నీకు బండి గోడు ఏం వినబడుతుంది? మర్యాదగా చెప్పు, నా పేరు చెప్పి తప్పించుకో.

వణుకు ఎక్కువైతే ఆపెయ్యి. ఫ్యాక్టరీ ఎక్కడికీ పోదు.

మావయ్య


వరండా
సోమవారం

మావయ్యా,

క్షేమమని రాయలేను.

సున్నం పూశాను. అత్తగారికి నీ మాటగా చెప్పాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, "ఆయన అంతటివాడు చెప్పాక నేనెంత" అని లోపలికి వెళ్ళారు. నేను బండి తీసేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డారు. మొదటి రోజు నుంచే ఎడమ పక్క చెరగడం మొదలైంది. ముందు టైరు, వెనక టైరు, రెండూ. కుడివి మాత్రం పూసినవి పూసినట్టే తెల్లగా ఉన్నాయి. బండి ఇంకెవరూ ముట్టుకోలేదు, తాళం నా సంచిలోనే ఉంది. ప్రతి పూటా సాయంత్రం కూర్చుని ఆ మచ్చలు చూసుకోవడం, ఇది ఎక్కడ తగిలింది, ఎప్పుడు తగిలింది అని బుర్ర బద్దలు కొట్టుకోవడం. ఒక్కటి గుర్తు రాదు. ఎవరో నేను నిద్రపోతున్నప్పుడు నా బండి నడుపుతున్నట్టుంది.

నిన్న మార్కెట్ మలుపులో సైకిలు మీద వెళ్తున్న ఒక పెద్దాయన్ని కొట్టాను.

ఆయన బతికే ఉన్నాడు. మణికట్టు విరిగింది. కట్టు వేయించాను, ఇంటి దగ్గర దింపి వచ్చాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నీ ముందే కదమ్మా వెళ్తున్నాను, నన్ను చూస్తూనే ఉన్నావు కదా" అన్నాడు. నేను చూడలేదు మావయ్యా. ఎర్ర సైకిలు, ఎర్ర చొక్కా. అంత మనిషి ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో తెలియదు. చప్పుడయ్యాకే ఉన్నాడు.

స్టీరింగ్ లాగేసిందేమో? ఎడమకి గుంజేసి ఉంటుంది కదా? కడ్డీ మళ్ళీ వంగి ఉంటుంది. ఏం మార్చాలో చెప్పు, మార్పించేస్తాను. ఆయన తాళం తీసుకుని బీరువాలో పెట్టారు. వచ్చే వారం ఫ్యాక్టరీలో సంతకాలు. ఏం మార్చాలో చెప్పు.

నీ మేనకోడలు


మేడగది
ఉత్తరం అందిన పూటే

తల్లీ,

ఏమీ మార్చకు. బండిలో తప్పు లేదు. బండి తీయకు, వీధి చివరికి కూడా తీయకు.

నాకు చెవులు పోయిన సంగతి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పోతున్నప్పుడు నాకు తెలియలేదు. బేరింగ్ అరిగితే గుయ్యిమంటుంది, నా షెడ్డుకి అదే పేరు, దూరం నుంచే పట్టేస్తానని. ఆ ఏడాది ఏ బండీ గుయ్యిమనలేదు. ఈ ఏడాది బండ్లన్నీ బాగుపడ్డాయి, కంపెనీలవాళ్ళకి బుద్ధొచ్చింది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. వినబడనిది వినబడడం లేదని మనిషికి తెలియదు సూదమ్మా. అక్కడేమీ లేదనే అనిపిస్తుంది.

సున్నం ఎడమనే చెరిగింది. అద్దం ఎడమదే. సూది ఎడమ వేలికే. మోచెయ్యి ఏదో నువ్వు రాయలేదు, అదీ ఎడమదే అయి ఉంటుంది. ఇన్ని తగిలినా నీకు ఒక్కటీ తెలియలేదు. నేను చక్రం చుట్టూ తిరుగుతూ కూర్చున్నాను, చక్రం తిప్పే మనిషిని చూడలేదు.

కుర్చీలో కూర్చో. ఎదురుగా మీ ఆయన్ని కూర్చోబెట్టి ఆయన ముక్కు వైపే చూడు, కళ్ళు కదపకు. మీ అత్తగారిని వెనక నిలబడి, నీ కుడి చెవి పక్కనుంచి వేలు ఆడిస్తూ మెల్లగా ముందుకి తీసుకురమ్మను. కనబడగానే చెప్పు. తర్వాత ఎడమ పక్క అలాగే చెయ్యి. తేడా ఉంటే ఆ క్షణమే డాక్టరు దగ్గరికి బయల్దేరు.

ఇంకొకటి అడగాలి. మీ అత్తగారు పక్కన ఉన్నప్పుడు ఇంత తగిలేదా? ఆవిణ్ణి దింపెయ్యమన్నది నేనే.

మావయ్య


వరండా

మావయ్యకి,

నీ చెవులు పోయాయని నా కళ్ళు కూడా తీసేస్తావా?

నాకు బాగా కనబడుతుంది. ఎంత సన్నటి సూదిలోనైనా మొదటిసారే దారం ఎక్కిస్తాను. బండి సంగతి అడిగితే ఒంటి సంగతి రాస్తావేం? షెడ్డు మూసేసి ఊరికే కూర్చున్నావు కాబట్టి అందరూ మూసేసి కూర్చోవాలనిపిస్తోంది నీకు. ఆయనా అదే అంటున్నారు, ఊరంతా అదే అంటుంది. నువ్వు కూడా అంటావనుకోలేదు.

పరీక్ష ఏమీ చెయ్యను.


మేడగది

సూదమ్మకి,

తిట్టు బాగుంది. ఇంకో నాలుగు రాయి, చదువుతాను.

తాళం మాత్రం బీరువాలోనే ఉండనీ. ఆ వేలి పరీక్ష నా మీద కోపంతోనైనా చెయ్యి. ఏమీ లేదని తేలితే నేనే బస్సెక్కి వచ్చి, నీ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి చెవులు పట్టుకుంటాను. ఎలాగూ అవి ఇంకెందుకూ పనికిరావడం లేదు.

మావయ్య


ఆసుపత్రి వార్డు, కిటికీ పక్క మంచం
ఆదివారం

మావయ్యకి,

నువ్వు బస్సెక్కక్కర్లేదు.

నీ ఉత్తరం అందిన రోజు కోపంతోనే కుర్చీ లాగి కూర్చున్నాను. ఆయన ఎదురుగా కూర్చున్నారు. అత్తగారు వెనక నిలబడ్డారు. కుడి వేలు చెవి దాటగానే కనబడింది, చెప్పాను. ఎడమది మొదలుపెట్టమన్నాను. కాసేపు చూసి, "అత్తయ్యా, మొదలుపెట్టండి" అన్నాను. ఆయన మొహం తెల్లబోయింది. అప్పుడు గాల్లోంచి ఊడిపడ్డట్టు, సరిగ్గా నా ముక్కుకి ఎదురుగా ఆవిడ వేలు కనబడింది. ఆ వేలు అప్పటికి ఎంతసేపటి నుంచి ఆడుతోందో ఆయన తర్వాత చెప్పారు.

నేను కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాను. ఆయన మంచినీళ్ళు తేవడానికి లేచారు. అత్తగారు నా పక్కన, నేల మీదే కూర్చుని, మెల్లగా అన్నారు: "నాకు తెలుసే."

"ఏం తెలుసు?"

"నువ్వు ఆ పక్కకి చూడవని. అద్దం విరిగిన రోజు గేటు దగ్గర నేను నీ ఎడమ పక్కనే నిలబడి ఉన్నాను. పిలిచాను కూడా. నన్ను దాటుకుంటూ పోయావు."

"మరి నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"రోగమని నాకేం తెలుసు? పరాకనుకున్నా. చెబితే మావాడు బండి అమ్మేస్తాడు. బండి లేకపోతే నువ్వు ఇంట్లో ఎలా ఉంటావో చూశాను కదా, పెళ్ళైన కొత్తలో. అందుకని ఆ పక్క నేను చూస్తే సరిపోతుంది కదా అని ఎక్కి కూర్చున్నా."

మావయ్యా, ఆవిడకి బండి అంటే భయం. ఆటో ఎక్కినా కళ్ళు మూసుకునే మనిషి. తగిలేది ఎప్పటికైనా తన పక్కనే అని తెలిసి, ఆ తలుపుకి ఆనుకుని, సంచి గుండెలకి హత్తుకుని రోజూ కూర్చున్నారు. నేను రేడియో నయమని నీకు ఉత్తరాలు రాశాను.

అప్పుడప్పుడు ఆవిడ చూపుకీ అందనివి ఉండేవి కదా. అవే ఆ కొత్త టైరు మీది గీతలు. ఆవిణ్ణి దింపింది నువ్వని కుమిలిపోకు. నువ్వు రాయకపోయినా ఏదో ఒక రోజు నేనే దింపేసేదాన్ని, అంత విసిగిపోయి ఉన్నాను.

కళ్ళ డాక్టరు రెండు కళ్ళూ భేషుగ్గా ఉన్నాయన్నాడు. ఫొటోలు తీయించిన తలల డాక్టరు చెప్పింది అసలు సంగతి. కన్ను చూసినదాన్ని అర్థం చేసుకునే చోట, తలలో కుడి పక్క, గడ్డ ఒకటి పెరిగి నొక్కుతోందట. "తప్పు కళ్ళది కాదమ్మా" అంది. నాకు వెంటనే నీ టైరు గుర్తొచ్చింది. ఆ బాధలోనూ నవ్వొస్తే, ఆవిడ నా తలలో ఇంకేదో కూడా ఉందనుకుని ఉంటుంది. మెత్తటి గడ్డలా ఉంది, తీసేయొచ్చు అంటున్నారు. తీశాక ఎడమ పక్క ఎంత తిరిగొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేమంటున్నారు. రేపు ఉదయం ఆపరేషన్. భయమేస్తోంది. దాచి ఏం లాభం, చాలా భయమేస్తోంది.

ఫ్యాక్టరీకి ఆయనే వెళ్ళి చెప్పొచ్చారు. వాళ్ళు ఇంకొకర్ని చూసుకున్నారు. ఆ సంగతి చెప్పడానికి ఆయన ఎన్ని మాటలు వెతుక్కున్నారో, పాపం. సైకిలు పెద్దాయన కట్టు చూపించుకోవడానికి వచ్చి, నేనూ ఇక్కడే ఉన్నానని తెలిసి, నిన్న సాయంత్రం నా మంచం దాకా వచ్చాడు. "చూస్తూనే ఉన్నావన్నాను కదూ" అని, బాగున్న చేత్తో నా దుప్పటి సర్ది వెళ్ళాడు.

నిన్న ఇక్కడికి అద్దె కారులో వచ్చాం. నేనూ ఆయనా వెనక కూర్చున్నాం. అత్తగారు అలవాటు కొద్దీ ముందు తలుపు తీసి, డ్రైవరు ఎడమ పక్క సీట్లో, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బండి వీధి మలుపు తిరిగిందో లేదో మొదలైంది. "ఎడమ పక్క తోపుడుబండి. ఎడమ పక్క బడిపిల్లలు, ఇద్దరు. ఎడమ పక్క సైకిలు."

డ్రైవరు కుర్రవాడు నవ్వి, "నాకు కనబడుతోంది పెద్దమ్మా" అన్నాడు.

"నీకు కనబడుతుందిలే బాబూ. నేను చెప్పేది మా కోడలికి" అన్నారు ఆవిడ, వెనక్కి తిరగకుండానే. ఆసుపత్రి గేటు వచ్చేదాకా ఆపలేదు. నేను ఒక్క మాట కూడా పోనివ్వకుండా విన్నాను.

నీ మేనకోడలు